తల్లి అన్నాం, మర్మం మరిచాం

ఏటా జూన్ 5 వస్తుంది. ఆ వారం మన టైమ్‌లైన్లలో ఒకే వ్యాసం పది రకాలుగా కనిపిస్తుంది. మొదటి సగం వేదకాలం. నదుల్ని దేవతలన్నారు, చెట్లకు మొక్కారు, నిప్పుకీ గాలికీ సూక్తాలు చెప్పారు, భూమిని తల్లి అన్నారు. రెండో సగం మనం. ప్లాస్టిక్, పొగ, గుల్లయిపోయిన కొండలు, ఇసుక లేని ఏర్లు. ఈ రెంటికీ మధ్య ఒక ‘కానీ’. చివర్లో మళ్ళీ మూలాల్లోకి వెళ్దాం అనే పిలుపు. కవితైతే ఇదే సంగతి పాదాలుగా విరుగుతుంది. ప్రసంగమైతే చప్పట్లు పడతాయి.

ఈ వ్యాసం ఉద్దేశంతో నాకు తగువు లేదు, తగువంతా దాని తర్కంతోనే. ఒకప్పుడు భక్తి ఉండేది, భక్తి వల్ల ప్రకృతి బతికింది, ఇప్పుడు భక్తి పోయింది, అందుకే ప్రకృతి పోతోంది. ఇవీ ఆ వ్యాసం ఎక్కే నాలుగు మెట్లు. మూడో మెట్టు దగ్గర కాసేపు ఆగి, భక్తి నిజంగా పోయిందా అని అడిగితే మిగతా మెట్లు కూడా కదలడం మొదలుపెడతాయి. ఈ ప్రశ్నని గాల్లో అడిగితే జవాబు కూడా గాల్లోనే ఉంటుంది కాబట్టి ఒక చోటు ఎంచుకుందాం. నెల్లూరు తీరంలో చిట్టమూరు, దాని చుట్టుపక్కల. 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్ళిన మండలం. ఉత్తరాన కోట, తూర్పున వాకాడు, అవతల సముద్రం, దక్షిణాన పులికాట్ సరస్సు. శ్రీకాళహస్తి గుడిని ఒరుసుకుని వచ్చే స్వర్ణముఖి సముద్రంలో కలిసేది ఈ ప్రాంతంలోనే. వరి కయ్యలు, రొయ్యల గుంటలు, ఇసుక దిబ్బలు, కొంగలు. మన వ్యాసం చెప్పే రెండు సగాలూ పక్కపక్కనే కనిపించే చోటిది.

ఇక్కడ భక్తికి లోటేమీ లేదు. మల్లాంలో సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి ఉంది. పల్లె పల్లెకీ ఓ గ్రామదేవత ఉంది. మత్స్యకారులకి గంగమ్మ ఉంది. అంతకంటే ముఖ్యమైన విషయం, తవ్వేవాళ్ళకీ భక్తి ఉంది. పని మొదలయ్యే ముందు ఈశాన్య మూల భూమి పూజ జరుగుతుంది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. దసరాకి జేసీబీకి బొట్టు పెట్టి, ముందు గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఇదంతా వేషమని నేననను. ఆ డ్రైవరు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నప్పుడు ఆ దణ్ణం నిజం. పది నిమిషాల తర్వాత అదే బకెట్టు నేలలోకి దిగడమూ అంతే నిజం. ఒకటి రెండోదానికి అడ్డు రావడం లేదు, అంతే.

కాబట్టి భక్తి పోవడం వల్ల విధ్వంసం వచ్చిందన్న మాట ఈ నేల మీద నిలబడదు. భక్తి ఉండగానే విధ్వంసం జరుగుతోంది. కొన్నిసార్లు ఆ భక్తితోనే మొదలవుతోంది.

*

మన వ్యాసం సాక్ష్యానికి పిలిచే గ్రంథం దాదాపు ఎప్పుడూ ఒకటే. అథర్వవేదం పన్నెండో కాండలో మొదటి సూక్తం. భూమి సూక్తమని, పృథ్వీ సూక్తమని పేరు. మొత్తం 63 మంత్రాలు. వాటిలో మన పోస్టర్ల మీదికి ఎక్కేది పన్నెండో మంత్రంలో ఒక ముక్క: భూమి తల్లి, నేను ఆమె బిడ్డని అనే మాట. మిగతా సూక్తం ఎవరికీ పట్టదు. ఈ ఒక్క ముక్క చదివి, మిగతాదీ ఇలాగే మెత్తగా ఉంటుందనుకుంటాం.

మెత్తగా ఉండదు. సూక్తం మొత్తం చదివితే ఆశ్చర్యం కలిగించేది దాని ప్రాపంచికత. ఇది అడవిలో కళ్ళు మూసుకున్న ముని పాట కాదు. ఇందులో దున్నిన పొలాలున్నాయి. పాటలు పాడే, ఆటలాడే, యుద్ధానికి కేకలేసే జనం ఉన్నారు. భూమి పొట్టలో దాచుకున్న మణుల్నీ బంగారాన్నీ ఇమ్మని అడగడం ఉంది. మమ్మల్ని ద్వేషించేవాణ్ణి అణచమని కోరడం ఉంది. మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ కలిసి నడిచే బండి దారులున్నాయి. వానాకాలం పాములూ తేళ్ళూ మా మీదికి పాకకుండా చూడమనే మామూలు మనిషి భయం ఉంది. రకరకాల భాషలు మాట్లాడే, రకరకాల ధర్మాలు పాటించే జనాన్ని ఒకే ఇంటివాళ్ళలా మోస్తోందని భూమిని మెచ్చుకోవడం ఉంది. భూమి వాసన గురించి వరసగా కొన్ని మంత్రాలున్నాయి, తామరలో, మనుషుల్లో, గుర్రాల్లో ఉన్న ఆ వాసన నాకూ అంటాలని. ఒక్కమాటలో, ఈ కవికి భూమి కావాలి. వాడుకోవడానికే కావాలి.

ఈ వాడకం మధ్యలో ముప్పై అయిదో మంత్రం వస్తుంది. నా లెక్కలో సూక్తానికి గుండెకాయ ఇదే. భూమీ, నీలో నేనేది తవ్వినా అది త్వరగా మళ్ళీ మొలవాలి, నీ మర్మానికి గానీ నీ హృదయానికి గానీ నా దెబ్బ తగలకూడదు అని దాని భావం.

ఈ మాట ఎవరన్నారో చూడండి. తవ్వేవాడు. చేతిలో పలుగున్నవాడు. నేను తవ్వను అని అతను అనడం లేదు, తవ్వుతానని ఒప్పుకుంటున్నాడు. క్షమించమనీ అడగడం లేదు. అడుగుతున్నది రెండే: తవ్విన చోట తిరిగి మొలిచే వేగం, తవ్వకూడని చోటికి పలుగు వెళ్ళకుండా ఉండే జాగ్రత్త. భూమి ఒంటికి మర్మస్థానాలున్నాయని అతనికి ఒక ఊహ. అన్ని చోట్లా ఒకటి కాదు. ఒక చోట తవ్వితే గాయం మానుతుంది, ఇంకోచోట తవ్వితే ప్రాణం పోతుంది.

‘తల్లి’ ఒక బంధుత్వాన్ని చెప్పే మాట, ‘మర్మం’ ఒక హద్దుని చెప్పే మాట. మనం సూక్తం నుంచి బంధుత్వం తెచ్చుకుని హద్దుని అక్కడే వదిలేశాం. నా ఫిర్యాదంతా ఇదే.

*

ఎందుకు వదిలేశామో తెలుగులోనే వెతకొచ్చు. మనకో నానుడి ఉంది, భూదేవంత ఓర్పు. ఎవరి గురించి అంటాం దీన్ని? తాగొచ్చి కొట్టే మొగుణ్ణి భరించే ఆడమనిషి గురించి. మెచ్చుకోలుగానే అంటాం. సంస్కృత నిఘంటువులో భూమికున్న పేర్లలో ‘సర్వంసహ’ ఒకటి, అన్నీ సహించేది. ‘వసుమతి’ ఇంకొకటి, సంపద ఉన్నది. ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక మైనింగ్ లీజు తయారవుతుంది: సంపద ఉంది, సహిస్తుంది.

పొద్దున్నే మంచం దిగి పాదం మోపేముందు భూమికి చెప్పుకునే శ్లోకం చాలా ఇళ్ళల్లో పిల్లలకి నేర్పుతారు. కాలు తగులుతోంది, క్షమించు తల్లీ అని. ఆ మర్యాద నాకు నచ్చుతుంది. కానీ విమర్శకుడి కళ్ళతో చూస్తే ఆ శ్లోకానికీ ముప్పై అయిదో మంత్రానికీ మధ్య చాలా దూరం జరిగింది. ఒకటి పనికి ముందు హద్దు గీసుకోవడం, ఇంకోటి చేసేదానికి క్షమాపణ చెప్పేసుకోవడం. క్షమాపణతో చిక్కేమిటంటే దానికి పరిమాణం ఉండదు. పాదం మోపినా అదే క్షమాపణ, ముప్పై అడుగులు తవ్వినా అదే క్షమాపణ.

అమ్మ అన్న పదం తెలుగు పద్యంలో, పాటలో, సినిమాలో మోసే బరువంతా ఓర్పుదే. ఎంత తప్పు చేసినా అన్నం పెట్టేది అమ్మ. అలాంటి అమ్మని భూమికి అంటగడితే, భూమి కూడా ఎంత చేసినా పెడుతూనే ఉంటుందన్న ధీమా దానితో పాటే వస్తుంది. మన పర్యావరణ కవిత్వం తల్లిని తలుచుకుని ఏడుస్తుంది కానీ, ఆ తల్లి పెట్టడం మానేయగలదని గట్టిగా అనుకోదు.

పాత కథలకి ఆ ఊహ ఉంది. పోతన భాగవతం నాలుగో స్కంధంలో పృథువు కథ చూడండి. దుర్మార్గులు తింటున్నారని భూమి విత్తనాల్నీ ఓషధుల్నీ లోపలికి మింగేసుకుంటుంది. జనం ఆకలితో అలమటిస్తారు. పృథువు బాణం ఎక్కుపెట్టి వెంటపడితే ఆవు రూపంలో పారిపోతుంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాకే పాలు పితకనిస్తుంది. పృథ్వి అన్న పేరే ఆ రాజు మీదుగా వచ్చిందంటారు. ఈ కథలో భూమి సర్వంసహ కాదు, కాదనగలిగిన మనిషి. ‘లవకుశ’ (1963) చివర్లో నేల చీలి సీతని తీసుకుపోయినప్పుడు మన అమ్మమ్మలు హాల్లో ఏడ్చింది కూడా ఆ కాదనడానికే. ఓర్పు అయిపోయిన క్షణం అది. మనం దాన్ని సీత కథగా దాచుకున్నాం, భూమి కథగా దాచుకోలేదు.

ఇంకో పక్క, పూర్వం అంతా ప్రకృతి ప్రేమే అనుకోవడానికీ ఆ కథలు ఒప్పుకోవు. నన్నయ ఆదిపర్వంలోనే ఖాండవ దహనం ఉంది. అగ్ని ఆకలి తీర్చడానికి కృష్ణార్జునులు రెండు వైపులా కాపు కాసి, పారిపోయే జంతువుల్ని కూడా వదలకుండా ఒక అడవిని కాల్చేస్తారు. తక్షకుడి కొడుకు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు తప్ప ఎవరూ మిగలరు. ఆ మయుడే తర్వాత పాండవులకి సభ కట్టిపెడతాడు. ఇరావతీ కర్వే ‘యుగాంత’లో ఈ ఘట్టాన్ని కొత్త భూమి కోసం జరిగిన ఊచకోతగా చదివింది. ఇక్కడ కాల్చింది భక్తి లేనివాళ్ళు కాదు. కాల్చమన్నది సాక్షాత్తూ సూక్తాలందుకునే దేవుడు.

ఇది మన ఒక్కరి వ్యవహారమూ కాదు. 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు పాశ్చాత్య పర్యావరణ సంక్షోభానికి మూలం క్రైస్తవ ఆలోచనలో ఉందని రాశాడు. ప్రకృతికి మొక్కే తూర్పు దేశాలు నయమన్న వాదాలు ఆ తర్వాత జోరందుకున్నాయి. మరుసటి ఏడే యీ-ఫూ టువాన్ అనే భూగోళ శాస్త్రవేత్త చైనాని ఉదాహరణగా చూపించి, కొండల్నీ నీళ్ళనీ అంతగా పూజించిన దేశం అడవుల్ని కూడా అంతగానే నరికిందని గుర్తు చేశాడు. చెప్పే ఆదర్శానికీ చేసే పనికీ మధ్య ఎడం ప్రతి నాగరికతలోనూ ఉందన్నాడు. మన జూన్ 5 వ్యాసం ఇంకా ఈ జవాబు అందుకోలేదు.

*

సరే, చిట్టమూరు చుట్టుపక్కల భూమికి మర్మం ఎక్కడుంది? ఇది కవితా ప్రశ్నలా వినిపిస్తుంది కానీ దీనికి మామూలు జవాబు ఉంది.

సముద్రం పక్క నేలలో కింద ఉప్పునీళ్ళుంటాయి. వాన పడితే ఇసుకలోకి ఇంకిన మంచినీళ్ళు, తేలిక కాబట్టి, ఆ ఉప్పునీళ్ళ మీద తేలుతూ నిలబడతాయి. ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు వందేళ్ళ కిందటే దీనికో లెక్క చెప్పారు. సముద్ర మట్టం మీద ఒక అడుగు మంచినీళ్ళు నిలిస్తే, మట్టం కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీళ్ళుంటాయి. తిరగేసి చదవండి. పైన ఒక్క అడుగు నీటిమట్టం పడిపోతే, కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకి వస్తుంది. ఆ అడుగు ఒక బోరు తోడేయొచ్చు. నీళ్ళు పట్టి ఉంచే ఇసుక దిబ్బని ఎత్తుకుపోయినా పోవచ్చు. తీరంలో ఇసుక దిబ్బ అంటే ఖాళీ స్థలం కాదు, ఊరి మంచినీళ్ళ తొట్టి. వేదకవికి ఈ లెక్క తెలుసని నేను చెప్పడం లేదు, దయచేసి వాట్సాప్‌లో అలా పంపకండి. ఒక చోట తగిలిన చిన్న దెబ్బ ఇంకెక్కడో ప్రాణం తీస్తుందన్న అతని ఊహకి ఈ తీరంలో ఇంత కచ్చితమైన రూపం ఉందంటున్నాను, అంతే.

1990ల మొదట్లో ఈ తీరానికి రొయ్య వచ్చింది, టైగర్ రొయ్య. వరి కయ్యలు గుంటలయ్యాయి. ఉప్పునీళ్ళు తెచ్చి నింపారు, ఉప్పు మరీ ఎక్కువైతే పలచన చెయ్యడానికి బోర్లతో మంచినీళ్ళు తోడారు. గుంటలో ఉప్పు పక్క కయ్యలోకి ఊరింది, తాగే బావిలోకి ఊరింది. 1994, 95ల్లో తెల్లమచ్చ వ్యాధి వచ్చి రొయ్య చచ్చిపోయింది. అప్పు మిగిలింది, నేలలో ఉప్పు మిగిలింది. 2009లో వనామీకి అనుమతి వచ్చింది. ఉప్పు తక్కువున్న నీళ్ళల్లోనూ బతికే రకం కావడంతో గుంటలు తీరం వదిలి ఇంకా లోపలికి నడిచాయి. ఈలోగా కోట, చిల్లకూరు మండలాల్లో గాజు పరిశ్రమ కోసం సిలికా తవ్వకాలు. ఎడగారు పంటకి నీళ్ళు సరిపోతాయా అని చూసుకునే రైతు ఇప్పుడు నీళ్ళల్లో ఉప్పెంత అని కూడా చూసుకోవాలి.

గుంట వేసినవాణ్ణి రాక్షసుడిగా చూపించే కథలు నాకు నచ్చవు. వరిలో నాలుగేళ్ళు నష్టపోయిన ఎకరాన్నర రైతుకి రొయ్య ఒక్క పంటలో కూతురి పెళ్ళి చేసేంత డబ్బు చూపించింది. పక్కవాడు గుంట వేశాక తన కయ్యలో ఎలాగూ వరి పండదు, ఇక తనూ వెయ్యడమే. లీజుకిచ్చేసి తన పొలం గట్టు మీదే కూలికి నిలబడ్డవాళ్ళున్నారు. వీళ్ళకి భక్తి పాఠం చెప్పి ఏం లాభం?

*

ఈ తీరానికి సంబంధించి సూక్తంతో పాటు చదవాల్సిన ఇంకో రచన ఉంది. దాన్నెవరూ సాహిత్యం అనరు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్‌ల ధర్మాసనం ఇచ్చిన తీర్పు. తీరప్రాంతపు రొయ్యల సాగు మీద తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసు అది. 1991 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం పోటు నీళ్ళు చేరే గీత నుంచి 500 మీటర్ల లోపు నియంత్రణ ఉంది. ఆ పరిధిలో రొయ్యల గుంటలు ఉండకూడదని తీర్పు చెప్పింది. చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ 1000 మీటర్ల లోపు ఉండకూడదంది. ఉన్నవాటిని 1997 మార్చి 31లోగా తీసేయమంది. పాతకాలపు సంప్రదాయ పద్ధతుల్ని మాత్రం మినహాయించింది. పంట భూములు, ఉప్పు కయ్యలు, మడ అడవులు, ఊరి ఉమ్మడి భూములు గుంటలుగా మారకూడదంది. పని పోయే కూలీలకి పరిహారం ఇవ్వాలంది.

నేనీ తీర్పుని మర్మసూక్తంగా చదువుతాను. అందులో తల్లి లేదు, కన్నీళ్ళు లేవు. ఒక సరస్సు పేరుంది, ఒక దూరం ఉంది, ఒక తేదీ ఉంది. ఇక్కడ తవ్వుకో, ఇక్కడ వద్దు అనే గీత ఉంది. ముప్పై అయిదో మంత్రం ఊహించి వదిలేసిన మర్మస్థానాన్ని ఈ కాగితం మీటర్లలో రాసింది.

తర్వాతేమైందీ మన కథలో భాగమే. తీర్పు అమలు ఆగింది. 1997లోనే కొత్త బిల్లు పార్లమెంటుకి వచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. నియంత్రణ నోటిఫికేషన్ తీరప్రాంత రొయ్యల సాగుని నిషేధించినట్టు అర్థం చేసుకోకూడదని ఆ చట్టం చెప్పింది. కొత్త గుంటలకి 200 మీటర్ల దూరం పెట్టింది. 2023లో దాన్ని సవరించి హేచరీల లాంటి వాటికీ వెసులుబాటు పెంచారు. ఎవరూ భూమిని తల్లి కాదనలేదు. ఆ అవసరం రాలేదు. మర్మం ఎక్కడుందో చెప్పే గీతని జరిపారు, అంతే. 500 నుంచి 200కి గీత జరిగిన రోజు మన టైమ్‌లైన్లలో ఒక్క కవిత లేదు. దానిమీద కవిత రాయడానికి మనకి భాష లేదు మరి. తల్లి మీద రాయగలం, మూడువందల మీటర్ల మీద ఎలా రాస్తాం?

*

మర్మం తెలిసినవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళు మాత్రం మన వ్యాసంలోని ‘పూర్వీకులు’ కారు.

పులికాట్ మత్స్యకారుల్లో ‘పాడు’ అని ఒక పద్ధతి ఉంది. సరస్సులో వలలు వేసే చోట్లని చీట్లతో, వంతులతో పంచుకోవడం. ఈరోజు నీది మంచి చోటైతే రేపు నాది. పాతకాలపు న్యాయంగా అందంగా కనిపిస్తుంది కానీ, వంతులో చోటు దక్కని కులాలూ కుటుంబాలూ కూడా ఉన్నాయని మర్చిపోకూడదు. అయినా అదొక హద్దు. దానివెనక సరస్సు అలసిపోతుందన్న తెలివి ఉంది. నేలపట్టు సంగతీ అలాంటిదే. 1976లో పక్షుల అభయారణ్యం అయింది కానీ, అంతకుముందు నుంచే ఆ చెరువు చెట్ల మీద గూళ్ళు పెట్టే గూడబాతుల్ని ఊరివాళ్ళు తోలేసేవాళ్ళు కాదు. రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని వాళ్ళ లెక్క. పక్షి దేవత అయినందుకు కాదు, పక్షి వల్ల పంట బాగుంటుందని. ఇందులో స్వార్థముంది, ఆ స్వార్థానికో హద్దుంది. ముప్పై అయిదో మంత్రం మనిషి ఇక్కడ ఉండుంటే వీళ్ళతో బాగా కలిసిపోయేవాడు.

ఇక యానాదులు. శ్రీహరికోట అడవిలో తేనె, దుంపలు, మూలికలు, ఏ చెట్టు ఎప్పుడు ముట్టుకోవచ్చో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకున్నాక అక్కడి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వరి కయ్యల్లో ఎలుక బొరియ ఎక్కడ తిరుగుతుందో చూసి చెప్పగల యానాది, ఇప్పుడు గుంట గట్టు మీద గుడిసె వేసుకుని రాత్రుళ్ళు రొయ్యకి కాపలా కాస్తున్నాడు. వేద పూజని ఆధునిక విధ్వంసానికి ఎదురు నిలబెట్టే వ్యాసంలో ఈ మనిషికి చోటు లేదు. వేదం అతని చెవిన పడకుండా చూశారు, ఆధునికత అతన్ని కాపలాకి పెట్టుకుంది. మూలాల్లోకి వెళ్దాం అన్నప్పుడు ఎవరి మూలాల్లోకి అని అతను అడిగితే మన దగ్గర జవాబు లేదు.

తెలుగులో ఈ రకం మనిషికి దగ్గరగా వెళ్ళిన పుస్తకం నాకు వెంటనే తట్టేది కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళిన ఒక ముసలివాడి రాత్రి. అతనికి అడవి తల్లి కాదు, దేవత కాదు. తెలుసుకుని మసలుకోవాల్సిన చోటు. ఆ నవలని మన పర్యావరణ సాహిత్యపు జాబితాల్లో అంతగా చేర్చరు. అందులో చెట్టుని తలుచుకుని ఎవరూ ఏడవరు మరి.

*

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. భక్తి ఎప్పుడూ పనిచెయ్యలేదా అని. చేసింది. ఒడిశా నియమగిరి ఉంది. బాక్సైట్ కోసం ఆ కొండ మీద కన్నేసిన కంపెనీ పేరు వేదాంత. ఆ పేరులో ఉన్నంత వ్యంగ్యం ఏ కథకుడూ కల్పించలేడు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకి వదిలింది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. అది మా నియమరాజు కొండ అని డోంగ్రియా కోందులు చెప్పారు. తవ్వకం ఆగింది.

ఆ భక్తికీ మన భక్తికీ తేడా ఏమిటో చూడండి. వాళ్ళు ప్రకృతిని మొక్కలేదు, ఒక కొండని మొక్కారు. ఆ కొండకి పేరుంది, దాని నుంచి దిగే వాగులకి పేర్లున్నాయి, ఆ వాగుల కింద వాళ్ళ బతుకుంది. దానికి తోడు చేతిలో అటవీ హక్కుల చట్టం ఉంది, వద్దు అంటే చెల్లే సభ ఉంది. భక్తి, చోటు, హక్కు మూడూ ఒక్క దగ్గర కలిశాయి. ఇందులో మొదటిది ఒక్కటే ఉంటే ఏమవుతుందో గంగ చెప్తుంది. 2017లో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకి మనిషితో సమానమైన హక్కులున్నాయంది. కొన్ని నెలలకే సుప్రీంకోర్టు ఆపేసింది. నదిని తల్లి అనడానికి కోట్లమంది ఉన్నారు, నది తరఫున వద్దనే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

రెండో అభ్యంతరం మన అభ్యుదయ మిత్రుల నుంచి. ఆ సూక్తాన్ని ఎందుకు పట్టుకు వేలాడటం, ఇదంతా పైకులాల సొత్తు, వదిలేస్తే పోలా అని. నేను వదలను. 63 మంత్రాల్లో ఒక్క ముక్క చదివి భుజాలెగరేసేవాళ్ళూ, ఆ ఒక్క ముక్కే చదివి విసిరికొట్టేవాళ్ళూ చేసే తప్పు ఒకటే. ఇద్దరూ చదవడం లేదు. తవ్వే మనిషి తన పలుగుని అనుమానంగా చూసుకున్న ఒక పాత మాట మన దగ్గరుంది. దాన్ని పూజగదికి ఇచ్చేస్తే గీతలు జరిపేవాళ్ళకి అడ్డే లేదు.

కాబట్టి వచ్చే జూన్‌లో ఒక కవితో, వ్యాసమో ముందుకొచ్చినప్పుడు నేను చూడబోయేది అందులో ఎంత కన్నీరుందని కాదు. అందులో ఒక చోటు ఉందా, ఆ చోటికి పేరుందా, ఎక్కడ తవ్వకూడదో రాసినవాడికి తెలుసా అని. స్వర్ణముఖి ఇసుకలో మంచినీళ్ళు ఎన్ని అడుగుల్లో పడతాయో, పులికాట్ గట్టు నుంచి మొదటి గుంట ఎన్ని మీటర్లుందో, కాపలా యానాదికి నెలకెంతిస్తారో తెలిసిన మనిషి రాస్తే అది తల్లి అన్న మాట లేకుండానే నిలబడుతుంది. ఆ మాట ఉంటే కూడా పర్వాలేదు. తల్లికి ఎక్కడ నొప్పో తెలిసిన బిడ్డ మాట్లాడినట్టు ఉంటుంది.